మూడో రంధ్రం వెనక ఏముంది?

ఎత్తిపోతల పేరు మొదటిసారి విన్నవాళ్లు అక్కడేదో మోటార్లు పెట్టి నీళ్లు తోడే పథకం ఉందనుకుంటారు. తెలుగులో ఆ మాటకు అర్థం అదేగా మరి. పల్నాడులో మాచర్ల దాటి సాగర్ దారి పట్టి అక్కడికి చేరాక చూస్తే వ్యవహారం తలకిందులు. ఎవరూ ఎత్తకుండానే నీళ్లు 70 అడుగుల కిందికి దూకుతుంటాయి. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసిన ధార రాతిగోడ మీంచి పడి, కొంతదూరం పోయి కృష్ణలో కలుస్తుంది. యతులు తపస్సు చేసిన ‘యతి తపోతలం’ నోళ్లలో నలిగి ఎత్తిపోతల అయిందని స్థానికులు చెబుతారు.

నీరు పల్లమెరుగు అంటారు కదా, దాన్ని ఇక్కడ నిలబడి కళ్లారా చూడొచ్చు. చిక్కేమిటంటే, కరెంటు గురించి కూడా మనలో చాలామంది ఇలాగే అనుకుంటాం. ఫ్రిజ్‌లోనో గ్రైండర్‌లోనో తీగ ఒరుసుకుపోయి కరెంటు బయటికొస్తే అది ఎర్త్ తీగ వెంట జారి భూమిలోకి దిగిపోతుందనీ, భూమి దాన్ని మింగేస్తుందనీ ఓ నమ్మకం. చిన్నప్పుడు స్కూల్లో అలాగే చెప్పారు. ఎర్త్ అన్న పేరు కూడా ఆ నమ్మకాన్నే బలపరుస్తుంది.

కరెంటుకు పల్లం తెలియదు. దానికి తెలిసింది తను బయల్దేరిన చోటు ఒక్కటే. వీధి చివర స్తంభాల మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫేజ్ తీగలో వచ్చిన కరెంటు ఎలాగైనా మళ్లీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కే చేరాలి. ఆ న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే నేలలోకి దించి ఉంచుతారు. అందుకే మన ఇంట్లో లీకైన కరెంటు మన ఎర్త్ గుంతలో దిగి, మధ్యనున్న మట్టినీ రాయినీ దాటుకుంటూ ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ గుంతలో తేలుతుంది. అంటే భూమి ఇక్కడ గమ్యం కాదు, దారి. ఆ దారి బాగుందా, గతుకులమయమా అన్నదాన్ని బట్టే ఇంట్లోవాళ్ల క్షేమం.

పల్నాడులో ఆ దారి సంగతి గునపం పట్టినవాళ్లకు బాగా తెలుసు.

నరసరావుపేట, సత్తెనపల్లి వైపు నల్లరేగడి దండిగా ఉంటుంది. మాచర్ల, గురజాల వైపు జరిగేకొద్దీ మట్టి పల్చబడి రాయి పైకి తేలుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ‘పల్నాడు ఉపబేసిన్’ అని పేరు పెట్టి చదువుకునే సున్నపురాయి పొరలివి. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు వెలిసింది ఈ రాయి చలవే, ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ దాని వల్లే. మాచర్ల నాపరాయి ఎన్ని జిల్లాల ఇళ్లలో నేల అయిందో లెక్కలేదు. అదే రాయి ఇంటి పెరట్లో ఎర్త్ గుంత తవ్వేవాడికి పరీక్ష. రెండడుగులకే గునపం ఖంగుమంటుంది. కూలీ ముఖం చూస్తాడు, మేస్త్రీ ఇంటాయన ముఖం చూస్తాడు. ‘చాల్లే, ఇంతకే పాతేద్దాం’ అనే మాట అక్కడే పుడుతుంది.

తేడా ఎంతో ఓ చిన్న లెక్కతో చూడొచ్చు. ఎర్తింగ్ మీద మన దేశ ప్రమాణం ఐఎస్ 3043. దాని ప్రకారం పైపు ఎర్త్ అంటే సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవున్న జీఐ పైపు. ప్రమాణంలోనే ఇచ్చిన సూత్రంతో గుణిస్తే, తడిగా ఉండి నిరోధకత 20 ఓమ్-మీటర్లున్న మంచి మట్టిలో ఆ పైపుకు సుమారు 7 ఓమ్‌ల నిరోధం వస్తుంది. అదే పైపును వెయ్యి ఓమ్-మీటర్ల ఎండు రాతినేలలో పాతితే 350 ఓమ్‌లు. పైపు అదే, తవ్వకం కూలీ బహుశా ఇంకా ఎక్కువే. ఫలితం మాత్రం యాభయ్యో వంతు.

ఆ 350 ఓమ్‌లు ఇంట్లో ఏం చేస్తాయో చూద్దాం. ఫ్రిజ్ కంప్రెసర్ దగ్గర ఫేజ్ తీగ పెచ్చు ఊడి బాడీకి తగిలిందనుకోండి. 230 వోల్టుల్ని 350తో భాగిస్తే ఎర్త్‌లో ప్రవహించేది యాంపియర్‌లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అది ఫ్రిజ్ మామూలుగా లాగేంత కరెంటు. ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే పడిపోయే 16 ఆంప్స్ స్విచ్చుకు, అంటే ఎంసీబీకి గానీ, పింగాణీ కిట్‌క్యాట్‌లోని ఫ్యూజు తీగకు గానీ అందులో అనుమానించాల్సిందేమీ కనపడదు. ఫ్యూజు పోదు, ఎంసీబీ పడదు. ఫ్రిజ్ చల్లగా నడుస్తూనే ఉంటుంది, దాని తలుపు మీద మాత్రం దాదాపు 230 వోల్టులూ నిలబడి ఉంటాయి. అంతా పద్ధతిగా మూడు పిన్నుల ప్లగ్గు, పచ్చ తీగ, పెరట్లో గుంత, గుంత మీద సిమెంటు మూత. ఇన్ని ఉండీ జరిగేది ఇదే.

ఎర్త్ తీగ అసలు పని కరెంటును మట్టిలో పారబోయడం కాదు. లీకైన క్షణంలో చాలా పెద్ద కరెంటు పారేట్టు చేసి, ఫ్యూజును కాల్చేసి, సరఫరాను తెగ్గొట్టించడం. తనంతట తాను ఎవర్నీ కాపాడదు, ఫ్యూజు చేత కాపాడిస్తుంది. ఆ పెద్ద కరెంటు పారాలంటే దారిలో నిరోధం బాగా తక్కువుండాలి. 7 ఓమ్‌ల మంచి మట్టిలో కూడా పారేది 33 ఆంప్స్. లైట్ల సర్క్యూట్‌లోని 5 ఆంప్స్ ఫ్యూజు దానికి టప్పున పోతుంది గానీ, 16 ఆంప్స్ ఎంసీబీ తన వేడి లెక్క చూసుకుని పడటానికి నిమిషం కూడా పట్టొచ్చు. ఆ నిమిషంలో ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి ఎవరిదో చెప్పలేం.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక ఈ బండనేల మీద కొత్తగా ఊళ్లు లేచాయి. నది దాటి ఈవల విజయపురి సౌత్ అలా వచ్చిందే. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తరవాత సాగర్ ప్రధాన విద్యుత్కేంద్రం 816 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగింది. ఎత్తిపోతల నుంచి ఆ డ్యామ్‌కు పదకొండు కిలోమీటర్లు. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు తీగలు లాక్కుంటూ పల్లెపల్లెకూ వెళ్లిన కాలమూ ఇదే. ఆ రెండు మూడు దశాబ్దాల్లో కట్టి, ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇళ్లే ఈ కథకు అసలు వేదిక.

ఆ ఇళ్ల గోడలు చూస్తే కరెంటు చరిత్ర చదివినట్టే ఉంటుంది. దూలాల పక్కన టేకు బద్దీలు, వాటి మీద రేకు క్లిప్పులతో బిగించిన తీగలు. అదే బ్యాటెన్ వైరింగ్. ఇంకొన్నిచోట్ల మూతపెట్టిన చెక్క గాడి, అంటే కేసింగ్ కేపింగ్. నల్లటి గుండ్రటి బేకలైట్ స్విచ్చులు, వంటింట్లో రెండే రంధ్రాల సాకెట్టు. పాతతరం ఎలక్ట్రీషియన్లు తీగల్ని చదరపు మిల్లీమీటర్లలో చెప్పరు. ‘త్రీ ట్వంటీ’, ‘సెవెన్ ట్వంటీ’ అంటారు, అంటే 20 గేజీ పోగులు మూడా, ఏడా అని. డెబ్బైల్లో రాగి ప్రియమైతే అల్యూమినియం తీగలు వేశారు. అల్యూమినియం మెత్తన. స్క్రూ కింద నలిగి వదులైపోతుంది, రాగితో కలిపిన చోట తుప్పు పొర కట్టి వేడెక్కుతుంది. బోర్డు దగ్గర కాలిన వాసన, ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే చాలాసార్లు దానికి కారణం ఇదే.

ఆ ఇళ్లు కట్టినప్పుడు లెక్క తప్పలేదు. ఇంటికి నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో. రేడియోకు బాడీ చెక్క, బల్బును ఎవరూ ముట్టుకోరు, రెండు రంధ్రాలు చాలు. ఆ తరవాత ఇస్త్రీపెట్టె వచ్చింది, మిక్సీ వచ్చింది, ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషిన్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇనప శరీరాలు ఇంట్లోకి వచ్చాయి గానీ మూడో తీగ రాలేదు.

పల్నాడులో అన్నింటికంటే ముందు చెప్పుకోవాల్సింది కూలర్. వేసవి వస్తే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినపడని రోజుండదు. 45 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. ఏసీ పెట్టలేని ఇంట్లో రేకు కూలరే దిక్కు. కింద నీటి తొట్టి, తొట్టిలో చిన్న పంపు, పంపుకు తీగ, చుట్టూ పలచటి జీఐ రేకు. కరెంటు షాకు కోసం ప్రత్యేకంగా తయారుచేయించినా ఇంతకంటే బాగా కుదరదు! పైగా దాని ప్లగ్గుకు మూడో పిన్ను ఉన్నా సాకెట్టుకు మూడో రంధ్రం ఉండదు. సాకెట్టు లేనిచోట పొడుగు తీగ లాగి, చివర ఒలిచి, రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చేస్తారు. మధ్యాహ్నం మూడింటికి తొట్టిలో నీళ్లయిపోతే పిల్లవాడు బకెట్టుతో వచ్చి, స్విచ్చు ఆపకుండానే నీళ్లు పోస్తాడు. కాళ్ల కింద తడిసిన నాపరాయి.

తడిసిన ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకు ఒంట్లోంచి పారేది 230 మిల్లీయాంపియర్లు. మామూలు బల్బు లెక్కలో పెద్ద కరెంటేం కాదు. గుండె లెక్కలో మాత్రం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ ఏళ్ల తరబడి వాలంటీర్ల మీద పరీక్షలు చేశాడు. చేతిలో పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను వదిలేయగల కరెంటు ఎంతన్నది ఆయన ప్రశ్న. మగవాళ్లలో సగటున 16, ఆడవాళ్లలో 10.5 మిల్లీయాంపియర్లని తేలింది. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చెయ్యి విడవదు. ‘కరెంటు పట్టేసుకుంది’ అని మనవాళ్లనేది అచ్చంగా దీన్నే. ఇంకా పెరిగి యాభై, వంద మిల్లీయాంపియర్ల దగ్గరికి పోతే గుండె లయ తప్పుతుంది.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో విద్యుదాఘాతంతో దేశంలో చనిపోయేవాళ్లు ఏటా పది వేలకు పైనే. ఇందులో పొలాల్లో మోటార్ల దగ్గరివీ, తెగిపడిన లైన్ల వల్ల జరిగేవీ కలిసి ఉంటాయి. తెలుగు పత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకు మరో రకం కూడా పరిచయమే: దండెం మీద తడిబట్టలు ఆరేస్తూ ఇల్లాలు, కాపాడబోయి భర్త. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరును మోయడానికి ఓ జీఐ తీగ ఉంటుంది. ఎండకు పైతొడుగు చిట్లి ఫేజ్ ఆ తీగకు తగులుతుంది. దండెం ఏ ఇనప కొక్కేనికి కట్టారో ఆ కొక్కెమే సర్వీసు వైరుకూ ఆధారమై ఉంటుంది. దండేనికి ఇనప తీగ మానేసి నైలాన్ తాడు కడితే ఈ కథ మొదలే కాదు. దీనికి ఎలక్ట్రీషియన్ కూడా అక్కర్లేదు.

పిడుగురాళ్ల అనే పేరున్న ఊరు ఈ జిల్లాలోనే ఉండటం చమత్కారం. గుడి శిఖరం మీద పిడుగును పట్టే రాగి కడ్డీ నుంచి కిందికి దిగే పట్టీని అందరూ గౌరవంగా చూస్తారు, దాని జోలికి ఎవరూ పోరు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఆకాశమంత విద్యుత్ ప్రభలు కదిలేటప్పుడూ అంతే, దారిలోని లైన్ల విషయంలో ఎంతో జాగ్రత్త పడతారు. ఒక్క రాత్రి పండక్కి ఉన్న ఆ శ్రద్ధ ఏడాది పొడుగూనా గోడకున్న బోర్డు మీద ఉండదు.

ఇంతకీ మూడో పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుంది? పోటీపరీక్షల్లో ఇప్పటికీ అడిగే ప్రశ్న. పొడుగు కాబట్టి ప్లగ్గు పెట్టేటప్పుడు ఫేజ్ కంటే ముందు ఎర్త్ తగులుతుంది, తీసేటప్పుడు అన్నింటికన్నా చివర వదులుతుంది. లావు కాబట్టి పొరపాటున కూడా ఫేజ్ రంధ్రంలో దూరదు. ఈ గుండ్రటి పిన్నుల పద్ధతి 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం. బ్రిటన్ 1947లోనే వేరే ప్లగ్గుకు మళ్లింది, మనం మాత్రం ఆ గుండ్రటి పిన్నుల్నే ఐఎస్ 1293 కింద నిలుపుకున్నాం. అప్పటి 5, 15 ఆంప్స్ ఇప్పుడు 6, 16 అయ్యాయి. ఇంత ఆలోచించి పెట్టిన పిన్నుకు మనవాళ్లు చేసే మర్యాద ఏమిటంటే, రెండు రంధ్రాల సాకెట్టులో పట్టడం లేదని కటింగ్ ప్లేయర్‌తో విరిచేయడం.

ఇంకో పనితనం ఉంది. అది చేసినవాళ్లకు తెలివైనదిగానే అనిపిస్తుంది. ఎర్త్ తీగ లేని సాకెట్టులో మూడో రంధ్రాన్ని పక్కనున్న న్యూట్రల్‌కు చిన్న తీగ ముక్కతో కలిపేస్తారు. టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తే బల్బు భగ్గున వెలుగుతుంది, ‘ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది’ అని చెప్పి వెళ్లిపోతారు. స్తంభం దగ్గర న్యూట్రల్ జంపర్ కాలి తెగిపోయే రోజుదాకా బ్రహ్మాండమే. తెగిన మరుక్షణం వెలుగుతున్న బల్బు గుండా, తిరుగుతున్న ఫ్యాను గుండా వచ్చిన ఫేజ్ వెనక్కి పోయే దారిలేక న్యూట్రల్ తీగలోనే నిలుస్తుంది. అక్కణ్నుంచి ఆ తీగ ముక్క మీదుగా ఫ్రిజ్ బాడీకి, గీజర్ పైపుకు, వాషింగ్ మెషిన్ తలుపుకు ఎక్కుతుంది. ఏ పరికరమూ చెడిపోకుండానే ఇంట్లోని ఇనుమంతా ఒక్కసారిగా షాకు కొడుతుంది. న్యూట్రల్ పోయి వీధిలో టీవీలన్నీ కాలిపోయాయన్న మాట పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. అంటే న్యూట్రల్ తెగడం అరుదైన సంగతేం కాదు.

నీళ్ల పైపుకు ఎర్త్ కట్టడం మరో పాత అలవాటు. ఒకప్పుడు పైపులన్నీ ఇనపవి కాబట్టి ఏదో మేరకు పనిచేసేది. తరవాత ఎప్పుడో పైపు తుప్పుపట్టి కారితే ప్లంబర్ వచ్చి మూడడుగుల ముక్క కోసి ప్లాస్టిక్ పైపు వేసి పోతాడు. ఆ మధ్యాహ్నంతో ఇంటి ఎర్త్ తెగిపోతుంది, ఎవరికీ తెలియదు. తెగిన ఎర్త్ చప్పుడు చేయదు, దీపం ఆర్పదు. న్యూట్రల్ పోతే ఫ్యాను ఆగి చెబుతుంది. ఎర్త్ పోతే చెప్పేది షాకే.

ఆ షాకు కూడా మొదట్లో చిన్నగానే చెబుతుంది. ఫ్రిజ్ పిడి ముట్టుకుంటే జుమ్మంటుంది, కంప్యూటర్ పెట్టె మీద మోచెయ్యి ఆన్చితే చిమచిమలాడుతుంది. ‘చెప్పులేసుకుని తియ్యవే’ అని అమ్మమ్మ మనవరాలికి చెప్పే ఇళ్లు బోలెడు. గుమ్మం దగ్గర విడవాల్సిన చెప్పులు వంటింట్లోకి వచ్చాయంటే ఆ ఇంటికి ఎర్త్ లేదని అర్థం.

ఎర్త్ ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిది? ఇంటాయనదే అనుకుంటాం. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 33వ నిబంధన మరోలా చెప్పింది. సరఫరా మొదలయ్యే చోట, అంటే మీటరు దగ్గర, వినియోగదారుడి కోసం ఎర్త్ టెర్మినల్‌ను సరఫరాదారే ఇవ్వాలి, దాన్ని మంచి స్థితిలో ఉంచాలి. 250 వోల్టులు దాటిన సరఫరా, అంటే మన త్రీఫేజ్ తీసుకున్నవాళ్లు దానికి తోడు సొంతంగా ఒకటి పెట్టుకోవాలి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల్లోనూ ఇదే కొనసాగింది. కాగితం మీది ఈ టెర్మినల్‌ను తమ మీటరు పక్కన చూసినవాళ్లు ఎందరో పాఠకులే చెప్పాలి. ఆచరణలో మన ఇళ్లన్నీ ఎవరి గుంత వాళ్లదే అన్న పద్ధతిలో నడుస్తున్నాయి. ఎవరి గుంత వాళ్లదే అయినప్పుడు ఎవరి రాయి వాళ్లదే.

గుంతను బాగుచేసుకునే మార్గాలు లేకపోలేదు. పాత పద్ధతి బొగ్గు, కల్లుప్పు పొరలుపొరలుగా వేసి, వేసవిలో గరాటులోంచి బకెట్టెడు నీళ్లు పోస్తూ ఉండటం. ఇది మూఢనమ్మకం కాదు. తడీ లవణమూ ఉన్న మట్టిలోనే కరెంటు పారుతుంది. కాకపోతే ఉప్పు కొన్నేళ్లకు కరిగిపోతుంది, పైపును తినేస్తుంది కూడా. ఒక పైపు చాలకపోతే ఐదారు మీటర్ల దూరంలో రెండోది పాతి రెంటినీ కలపొచ్చు. పక్కపక్కనే పాతితే రెండో దాని వల్ల పెద్ద లాభముండదు, రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి. గుంత ఎలా ఉందో చెప్పాల్సింది ఎర్త్ టెస్టర్. టెస్ట్ ల్యాంప్ మాటను నమ్మడానికి లేదు, ముప్పై ఓమ్‌ల గుంతకు కూడా అది దివ్యంగా వెలిగి చూపిస్తుంది.

కానీ మాచర్ల బండ మీద ఎన్ని పైపులు పాతినా 16 ఆంప్స్ ఎంసీబీని క్షణంలో పడగొట్టేంత మంచి ఎర్త్ తేవడం చాలా ఇళ్లకు అయ్యే పని కాదు. ఇక్కడే డాల్జీల్ మళ్లీ వస్తాడు. మనిషి ఎంత తట్టుకోగలడో కొలిచినాయన, అంతకంటే ముందే సరఫరాను కోసేసే పరికరం ఉండాలనుకున్నాడు. 1961లో దాన్ని తయారుచేశాడు. మన దగ్గర అదే కుటుంబానికి చెందినదాన్ని ఆర్‌సీసీబీ అంటారు, షాపుల్లో ఇంకా పాత పేరు ఈఎల్‌సీబీ అనే అడుగుతారు.

అది చేసే పని గొర్రెలకాపరి పనే. పొద్దున దొడ్డిలోంచి ఎన్ని గొర్రెలు పోయాయి, సాయంత్రం ఎన్ని వచ్చాయి అని లెక్క. ఫేజ్‌లో పోయిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. 30 మిల్లీయాంపియర్లు తగ్గిందంటే, అంటే ఓ 7 వాట్ల బల్బు లాగేపాటి కరెంటు, ఎక్కడో దారితప్పినట్టే. మనిషి ఒంట్లోంచో, కూలర్ రేకులోంచో పోతోందన్న అనుమానంతో సరఫరా తెంచేస్తుంది. సరిగ్గా 30 దగ్గరైతే సెకనులో మూడో వంతు లోపల, దానికి ఐదు రెట్లుంటే 40 మిల్లీసెకన్లలో.

ఇప్పుడు ఆ 350 ఓమ్‌ల పనికిరాని గుంత దగ్గరికి మళ్లీ వెళ్దాం. అందులో పారిన కరెంటు యాంపియర్‌లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ, అంటే సుమారు 650 మిల్లీయాంపియర్లు. ఎంసీబీ ఖాతరు చేయని ఆ కరెంటు ఆర్‌సీసీబీకి ఇరవై రెట్లు ఎక్కువ. తీగ బాడీకి తగిలిన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది. గుంత వెయ్యి ఓమ్‌లున్నా సరే. నల్లరేగడిలో ఇది మంచి జాగ్రత్త. రాతినేలలో ఇదే అసలు రక్షణ.

అసలు ఎర్తే లేని ఇళ్ల సంగతో? ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. అమెరికాలో తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఊళ్లలో న్యూజెర్సీలోని ఎడిసన్ ఒకటి. బల్బుతో పేరుపడ్డ ఎడిసన్ ప్రయోగశాల ఉన్న మెన్లో పార్క్ ఆ ఊళ్లోదే, ఆయన పేరే 1954లో ఊరికి పెట్టారు. ఆ దేశంలో కొత్త ఇళ్లకు ఎర్త్ ఉన్న సాకెట్లు అంతటా తప్పనిసరి అయింది 1960ల మొదట్లో. అంతకుముందు కట్టిన ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు గోడల్లో మన పాత వంటింటి చుట్టమే, రెండు చీలికల సాకెట్టు ఎదురవుతుంది. గోడలు పగలగొట్టి కొత్త తీగ లాగలేకపోతే అక్కడి నియమావళి ఓ మధ్యేమార్గం చూపింది. డాల్జీల్ పరికరాన్ని బిగించి మూడు రంధ్రాల సాకెట్టు పెట్టుకోవచ్చు, కానీ దాని మీద ‘దీనికి ఎర్త్ లేదు’ అని చీటీ అంటించాలి. ఆ చీటీ మనకూ అవసరమే. మూడు రంధ్రాలున్నంత మాత్రాన మూడు తీగలున్నాయని అనుకోకూడదన్న సంగతి దానంత సూటిగా ఇంకేదీ చెప్పదు.

ఎర్త్ లేని చోట ఆర్‌సీసీబీ మనిషికి షాకు తగిలాకే పడుతుంది. తగలడం తప్పదు, ప్రాణం మాత్రం చాలావరకు దక్కుతుంది. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని అది బల్బే అనుకుంటుంది, కాపాడలేదు. అధిక లోడునూ పట్టించుకోదు, దానికి ఎంసీబీ వేరే ఉండాల్సిందే. ధర ఓ మంచి మిక్సీకి అటూ ఇటూ.

పాత ఇళ్లలో ఇది బిగించాక మొదలయ్యే తలనొప్పి ఒకటుంది. వానాకాలం గోడ చెమర్చితే టేకు బద్దీలోని ముసలి తీగ కొంచెం కొంచెం లీకవుతుంది, ఆర్‌సీసీబీ అర్ధరాత్రి పడిపోతుంది. ఇన్వర్టర్ పెట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ మెయిన్ న్యూట్రల్‌నూ ఇన్వర్టర్ న్యూట్రల్‌నూ ఒకటిగా కలిపేసినా గొర్రెల లెక్క తప్పి మాటిమాటికీ పడుతుంది. ‘ఇది పాడైపోయిందన్నా, తీసేసి డైరెక్టు కలిపేస్తా’ అనే మాట అప్పుడే వినపడుతుంది. చాలాసార్లు పాడైంది ఆర్‌సీసీబీ కాదు, తీగలు. పడుతోందంటే చెబుతోందని అర్థం. డైరెక్టు చేయించుకున్నాక చెప్పేవాళ్లుండరు.

పాత ఇంటికి ఏం చేయాలో క్రమంగా చెప్పమంటే అనుభవమున్న వైర్‌మెన్ చెప్పేది పెద్దగా మారదు. ముందు మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ. తరవాత గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కూలర్ ఉండే నాలుగు సాకెట్లకైనా పచ్చ తీగ కొత్తగా లాగించడం, న్యూట్రల్ ముడి ఎక్కడైనా ఉంటే ఊడదీయించడం. కిట్‌క్యాట్‌లో ఫ్యూజు తీగ బదులు చుట్టిన రాగి పోగుల్ని ఆరోజే పారేయడం. ఇల్లంతా కొత్త వైరింగ్ డబ్బులున్నప్పుడు, గోడలకు రంగులేసేటప్పుడు. ఈ పనంతా లైసెన్సున్న వైర్‌మన్ చేత చేయించాలి, నిబంధన కూడా అదే. సర్వీసు వైరు, స్తంభం మీది న్యూట్రల్, మీటరు ఇవతలివాళ్లు ముట్టుకోవాల్సినవి కావు. వాటి సంగతికి 1912కు ఫోను చేస్తే సరి.

ఆర్‌సీసీబీ ఇప్పటికే ఉన్న ఇళ్లవాళ్లు దాని ముఖం మీద ‘టి’ అని రాసున్న చిన్న బటన్ కోసం చూడండి. చాలా ఇళ్లలో బిగించిన రోజు తరవాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. కరెంటు ఉన్నప్పుడు దాన్ని ఒక్కసారి నొక్కాలి. తిరుగుతున్న ఫ్యాను ఆగితే అది పనిచేస్తున్నట్టు, మీట పైకి వేసుకోవచ్చు. ఆగకపోతే ఆ పెట్టె గోడకు అలంకారం, కూలర్‌లో ఈ వేసవి మొదటి బకెట్టు నీళ్లు పోయకముందే దాన్ని మార్పించండి.